కిన్నెర మెట్లు, కీర్తి లెక్కలు

అమెరికా పల్లెపాటల వరవడిలో పుట్టిన కంట్రీ సంగీతమునకు మకుటాయమానుడైన జానీ క్యాష్ 2003లో గతించగా, ఆయన కడపటి దినములలో స్టూడియోలో పాడిన పాటల సంపుటి 2006లో వెలువడి, బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానము నాక్రమించినది. 1969 తరువాత ఆయన కా స్థానము మరల దక్కుట అదియే.

మన తెలుగునాట అట్టి కీర్తి, నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యను బ్రతికియుండగనే వరించినది. (‘బలగం’ చిత్రమున పాడిన పస్తం మొగిలయ్య వేఱు, ఇరువురిని ఒక్కరిగా భ్రమించువారు నేటికిని కలరు.) వెదురుబొంగునకు ఎండిన సొరబుఱ్ఱలు తగిలించి, తేనెమైనముతో మెట్లంటించిన పన్నెండు మెట్ల కిన్నెరను భుజమున మోపి, ధనికులను దోచి దరిద్రులకు పంచిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథను ఊరూర వినిపించుటయే ఆయన జీవనము. 2021 సెప్టెంబరు 2న ‘భీమ్లా నాయక్’ చిత్రపు శీర్షికాగీతము విడుదలైనపుడు, సంగీత దర్శకుడు తమన్ బాణీలో ఆ చిత్ర కథానాయకుని పుట్టుపూర్వోత్తరములు చెప్పుచు వినబడిన ఆ తొలి గొంతు ఈయనదే. కథకు ముందు వంశము చెప్పుట పల్లె గాయకుల పద్ధతి. సినిమా దానినే ఎరువు తెచ్చుకొన్నది. యూట్యూబున వీక్షణలు వెల్లువెత్తినవి. 2022 జనవరిలో పద్మశ్రీ, వెనువెంటనే రాష్ట్ర ప్రభుత్వపు కోటి రూపాయల పారితోషికము ప్రకటింపబడినవి.

అయినను 2024 మే నెలలో, హైదరాబాదు శివారున సాగర్ రోడ్డు మీది తుర్కయాంజాల్‌లో, ఒక కట్టడము వద్ద ఆయన దినకూలిగా కనబడెను. పారితోషికపు ధనము పిల్లల పెండ్లిండ్లకును, అచ్చటనే కొన్న ఇంటిస్థలమునకును వ్యయమైనదనియు, మొదలిడిన ఇల్లు నడుమనే ఆగినదనియు ఆయనయే పాత్రికేయులకు చెప్పెను. కోటి యేమాయెనని ముక్కున వ్రేలిడుకొనువారు గ్రహింపవలసినది, పారితోషికము వేఱు, బ్రతుకుదెరువు వేఱు అని. చేతికందినది పెండ్లిళ్ళకు కరగిపోవును. పిలిచి పాడించువారు లేనిచో గాయకునకు తట్టయే గతి. క్యాష్ సంపుటిపై ఉన్నది క్యాష్ పేరు. మొగులయ్యకు దక్కినదో, పరుల పాటలో ఆరంభము మాత్రమే.

కావున పండుగ సాయన్న కథ ఆమూలాగ్రముగ స్టూడియోలో ఆయన గొంతున, ఆయన పేర ముద్రింపబడవలెను. అందాక, జాతరకో కళాశాల ఉత్సవమునకో ఆయనను పిలిచి, కథ సాంతము పాడించి, సెల్ఫీతో సరిపుచ్చక సముచిత సంభావన నొసగుడు.