దానమే గాని బేరం కాదు

మయ్యిత్ ఇంట్లో ఉండగా ఎవరో మెల్లగా “కళ్ళు ఇస్తారా?” అని అడుగుతారు. ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కంటిపొరను సాధారణంగా ఆరు గంటల్లోగా తీయాలంటారు వైద్యులు. ఆ దుఃఖంలో ఆలోచించుకునే వ్యవధి ఎక్కడిది? అందుకే ఈ విషయంలో చట్టం ఎట్లా వచ్చిందో, ఉలమాలు ఏమన్నారో ముందే తెలుసుకొని ఉండడం మంచిదని మేము తలచాము.

1905లో యూరపులో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ఒకరి కంటిపొరను మరొకరికి అతికించి చూపు తెప్పించాడు. మన దేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసులో వెలసింది. విద్య వచ్చింది సరే, చనిపోయిన మనిషి శరీరం మీద అనుమతి ఎవరు ఇవ్వాలి? బొంబాయి రాష్ట్రం 1957లో కంటిపొరల కోసం చట్టం చేసింది. 1982లో పార్లమెంటు ఢిల్లీ ప్రాంతానికి కళ్ళకొక చట్టం, చెవి ఎముకలకొక చట్టం చేసింది.

ఇంతలో మూత్రపిండాల మార్పిడి పెరిగింది. దానితోపాటు బేరమూ పెరిగింది. అప్పులపాలైన పేదవాడి కిడ్నీ సంతసరుకైంది. ఈ అన్యాయాన్ని ఆపడానికే 1994లో మానవ అవయవాల మార్పిడి చట్టం వచ్చింది. అమ్మినా, కొన్నా, మధ్యవర్తిగా నిలిచినా నేరమే. మరణానంతరం ఇవ్వదలచినవారు కనీసం ఇద్దరు సాక్షుల ఎదుట రాసి ఇవ్వాలి. వారిలో ఒకరు దగ్గరి బంధువు కావాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1995లో తన చట్టం తాను చేసుకున్నది. 2011 సవరణతో చర్మం, ఎముక, కంటిపొర వంటి కణజాలాలు కూడా కేంద్ర చట్టంలో చేరాయి. శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడు కంటిపొర తీయడానికి వీలు కలిగింది. తెలంగాణ శాసనసభ ఆ చట్టాన్ని స్వీకరిస్తూ 2025లో తీర్మానించింది.

మరి దీన్ ఏమంటుంది? మయ్యిత్ గౌరవం ఒకవైపు, బ్రతికున్నవాడి అవసరం మరొకవైపు. ఉలమాల చర్చంతా ఈ రెంటి నడుమనే నడిచింది. 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ, మరణించినవారి అవయవాన్ని ప్రాణం కోసం గాని, ముఖ్యమైన శరీరధర్మం కోసం గాని తీసుకోవచ్చునన్నది. దానికి ఆ మనిషి ముందుగానో, వారసులు తరువాతనో అనుమతించి ఉండాలి. అమ్మకం మాత్రం కూడదన్నది. ఉపఖండంలోని ముఫ్తీలు పలువురు దీనికి ఒప్పుకోలేదు. ఆ భేదాన్ని దాచడం మాకు ఇష్టం లేదు.

ఇవ్వమనీ, ఇవ్వవద్దనీ మేము చెప్పడం లేదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే దస్తర్‌ఖాన్ దగ్గర ఒకసారి ఈ మాట ఎత్తండి. వారి మనసు తెలిస్తే, ఆ రోజు పిల్లలకు తికమక ఉండదు. కాని ఒక్క విషయంలో చట్టమూ, ఉలమాలూ ఒకేమాట మీద ఉన్నారు: శరీరం అంగడి సరుకు కాదు. అప్పు తీర్చుకోలేక మన వాడలో ఎవరైనా అటువంటి ఆలోచన చేస్తే, దళారి కంటే ముందు వారి గడప తొక్కవలసింది మనమే.