ఇంజిన్ ఆపిన తర్వాత

రాత్రి 11 దాటింది. ఉప్పల్ స్కైవాక్ కింద నుంచి మీరు బండి హబ్సిగూడ వైపు తిప్పారు. స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్లు నెత్తిమీదుగా వెనక్కి పోతున్నాయి. చౌరస్తాలో కుడికి తిరిగితే నాచారం. ఫ్యాక్టరీ గోడల వెంట అడ్డదారి పట్టారు. చికెన్ షాపు షట్టర్ దించి ఉంది. ముందు చిరిగిన సంచీ, ఈకలు, నీచువాసన.

ఒక మొరుగు. వెంటనే నాలుగు.

అద్దంలో చూస్తారు. వస్తున్నాయి. పిక్క దగ్గర వేడి ఊపిరి. రేస్ ఇవ్వాలా? ముందు గుంత. కంకర. పడతారు. తన్నాలా? కరుస్తుంది.

"ఉరకకుండ్రి! బండి ఆపుండ్రి!" చీకట్లోంచి ఓ ఆడగొంతు.

ఆపుతారు. ఇంజిన్ బంద్. కాలు నేల మీద. చూపు పక్కకి.

అవీ ఆగుతాయి. కదిలేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. కదలిక లేకపోతే తరమడానికేమీ మిగలదు. ఒకటి ముఖం తిప్పుకుని మూతి నాక్కుంటుంది. గొడవ వద్దనుకున్న కుక్క సాటి కుక్కకైనా మనిషికైనా ఆ మాట ఇలాగే చెబుతుంది. మూడింటికి చెవి కొస కత్తిరించి ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాయని గుర్తు. నాలుగోదానికి లేదు. చన్నులు వేలాడుతున్నాయి. కాలువ బండ కింద సన్నగా కుయ్ కుయ్. మొదట మొరిగింది ఈ తల్లే.

అన్నం బకెట్‌తో ఆమె దగ్గరికొస్తుంది. పైన బాల్కనీలో లైటు వెలుగుతుంది. ఓ పెద్దాయన గొంతు.

"నువ్వు పెట్టవట్టే ఇవి ఈడనే ఉంటున్నయ్! పొద్దుగాల నా మనవడు బస్సెక్కేది ఈ గేటు కాడనే!"

"పెట్టకుంటే ఆకలికి ఇంకా మీద పడ్తయన్నా!"

ఇద్దరూ మీవైపు చూస్తారు. మీ కాళ్లింకా వణుకుతున్నాయి. ఆయన భయాన్ని కొట్టిపారేయలేరు. 2023 ఫిబ్రవరిలో, ఇక్కడికి దగ్గర్లోని అంబర్‌పేటలోనే, నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో మీరూ చూశారు. కానీ ఈ మూడింటినీ పట్టుకుపోయి, షాపు ముందు చెత్తను వదిలేస్తే, టీకా లేని కొత్తవి వచ్చి చేరతాయి. అంటే వీటిని పంపేసినా ఆయన భయం తీరదు.

అదే ఏడాది మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు సరిగ్గా ఈ తగవు గురించే చెబుతాయి. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడే స్థలానికి, మెట్లకు, గేట్లకు దూరంగా ఉండాలి. జనం తక్కువ తిరిగే వేళ పెట్టాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇందుకు ప్రత్యేక స్థలాలు చూపమంది. చోటు చూపాలంటే ముందు ఈ ఇద్దరూ మాట్లాడుకోవాలి.

"గేటు దగ్గర వద్దక్కా," అంటారు మీరు. "ఆ మూసేసిన ఫ్యాక్టరీ గోడ దగ్గరైతే?"

ఆమె కాసేపు ఆలోచించి బకెట్ ఎత్తుకుని అటు నడుస్తుంది. నాలుగూ వెంట పోతాయి. పెద్దాయన కిందికి దిగొస్తాడు.

"మరి ఆ తల్లిది?"

"పిల్లలు పాలు మానినంక బల్దియా బండిని పిలుద్దామన్నా."

"చికెన్ షాపోనితోని నేను మాట్లాడ్త. పట్టేటోళ్లు వచ్చిన్నాడు నువ్వుండాలె. నువ్వు పిలిస్తెనే వస్తదది."