చెవి అచ్చు: వినికిడి యంత్రం నుంచి జేబులోని సంగీతం దాకా

వైద్య కళాశాలలో చదువుకుంటున్న రోజులలో మొదటిసారి స్టెతస్కోపు తగిలించుకొని ఒక రోగి గుండె చప్పుడు వినడానికి ప్రయత్నించాను. ఏమీ వినిపించలేదు. ఛాతీ మీద ఎంత అదిమినా ప్రయోజనం లేకపోయింది. పక్కనే నిలుచున్న ఆచార్యులవారు నవ్వి, నా చెవులలోని గొట్టాలు తీసి, వాటి కొనలు ముక్కు వైపుకు చూసేలా తిప్పి మళ్లీ పెట్టారు. అంతవరకు మూగగా ఉన్న గుండె ఒక్కసారిగా పలికింది. "చెవి కాలువ ముందుకు వంగి ఉంటుందయ్యా. దాని దారిన నువ్వు పోవాలిగాని, నీ దారికి అది రాదు" అన్నారు.

ఆ మాట గత నెలలో మళ్లీ గుర్తుకు వచ్చింది. మా అబ్బాయి పట్టుబట్టి నా చెవుల కొలతకు ప్రత్యేకంగా చేయించిన ఇయర్‌ఫోన్లు చేతికందాయి. ప్రయాణాలలో సంగీతం వినడానికి పనికివచ్చే ఈ చిన్న వస్తువు వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో సగం చెవి వైద్యుల గదులలోనే నడిచింది. ఆ కథ తెలిస్తే ఈ వస్తువు ఎందుకు పుట్టిందో, దానిని ఎలా వాడాలో, ఎలా వాడకూడదో కూడా తెలుస్తుంది.

ముందుగా చెవి కాలువను గురించి రెండు మాటలు. పెద్దవారిలో దీని పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఇది తిన్నని గొట్టం కాదు. రెండు వంపులు తిరిగి లోపలికి పోతుంది. వెలుపలి మూడవ వంతు మృదులాస్థితో, లోపలి రెండు వంతులు ఎముకతో ఏర్పడి ఉంటాయి. గుబిలిని తయారుచేసే గ్రంథులు వెలుపలి భాగంలోనే ఉన్నాయి. లోపలి భాగంలో చర్మం చాలా పలుచన; చిన్న పుల్ల తగిలినా ప్రాణం విలవిలలాడుతుంది. దవడ కదిలినప్పుడల్లా వెలుపలి భాగం ఆకారం కొంచెం మారుతుంది. ఏ ఇద్దరి చెవులూ ఒకలా ఉండవు. ఒకే మనిషి కుడి చెవికీ ఎడమ చెవికీ కూడా తేడా ఉంటుంది. అందరికీ ఒకే కొలతతో చెప్పులు కుట్టలేనట్లే, అందరి చెవులకూ సరిపడే ఇయర్‌ఫోనును తయారుచేయడం సాధ్యం కాదు.

ఈ ఇబ్బందిని మొదట గుర్తించినది వైద్యరంగమే. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితాన్ని చుట్టగా చుట్టి రోగి గుండె విన్నాడు. అది ఒక చెవితో వినే పద్ధతి. 1852లో న్యూయార్కు వైద్యుడు జార్జ్ కామన్ రెండు చెవులతో వినే స్టెతస్కోపును రూపొందించాడు. రెండు చెవులూ చక్కగా మూసుకుంటే బయటి రొద తగ్గి, లోపలి సన్నని చప్పుడు తెలుస్తుంది. ధ్వనిని పెంచకుండానే స్పష్టతను పెంచే ఈ సూత్రం మీదనే తరువాతి కథ అంతా నడిచింది.

విద్యుత్తుతో పనిచేసే చెవి గొట్టాలు ఆ తరువాత నలభై ఏళ్లకు వచ్చాయి. 1891లో ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే చెవులలో అమర్చుకునే తేలికైన టెలిఫోను శ్రవణ పరికరాలకు అమెరికాలో పేటెంటు పొందాడు. వాటి బరువు సుమారు 50 గ్రాములు. చెవికి ఒరుసుకోకుండా రబ్బరు తొడుగులు కూడా ఉన్నాయి. నేటి ఇయర్‌ఫోన్ల ముత్తాత అదే అనవచ్చు. అయితే లోకం చాలాకాలం పాటు వేరే దారిన నడిచింది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ తన వంటగదిలో తయారుచేసిన తలపట్టీ హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. అవి చెవి మీద కూర్చునేవి; చెవిలోనికి పోవలసిన అవసరం లేదు.

చెవి లోపలికి వెళ్లక తప్పని అవసరం వినికిడి తగ్గినవారిది. బిగ్గరగా పలికే వినికిడి యంత్రంలోని ధ్వని చెవి సందులలోనుంచి బయటికి కారితే, మైకు దానిని మళ్లీ అందుకొని కీచుమని కూస్తుంది. ఆ కారడాన్ని ఆపడానికి ప్రతి రోగి చెవికీ విడివిడిగా అచ్చు తీసి, దాని ప్రకారం గట్టి తొడుగు చేయవలసి వచ్చింది. జేబులో యంత్రం, దానినుంచి పాకే తీగ, తీగ చివర చెవిలో ఒదిగిన అచ్చు: నేను వృత్తిలో అడుగుపెట్టిన నాటికి మన ఆసుపత్రులలో కనిపించే దృశ్యం ఇదే. బడి పిల్లలు ఆ తీగను చొక్కా లోపల దాచుకోవడానికి పడే పాట్లు నేటికీ నా కళ్లలో మెదులుతాయి. అచ్చు సరిగా కుదరని పిల్ల యంత్రాన్ని తీసి సంచిలో పెట్టేది. కుదిరిన పిల్ల పాఠం వినేది. ఒక ప్లాస్టిక్ ముక్క అమరిక మీద ఒక బిడ్డ చదువు ఆధారపడి ఉండేది.

1947లో బెల్ ప్రయోగశాలలలో ట్రాన్సిస్టరు పుట్టింది. 1950ల తొలినాళ్లలోనే అది వినికిడి యంత్రాలలో చేరింది. యంత్రాలు చిన్నవయ్యాయి, వాటితోపాటు వాటిలోని ధ్వని పుట్టించే భాగాలు కూడా వడ్లగింజ పరిమాణానికి చేరువయ్యాయి. అమెరికాలో హ్యూ నోల్స్ స్థాపించిన సంస్థ ఈ సూక్ష్మ భాగాల తయారీకి పేరుపొందింది. బధిరుల కోసం తయారైన ఈ గింజలే తరువాత సంగీత ప్రియుల చెవులలోనికి చేరాయి.

ఈలోగా సంగీతం జేబులోనికి వచ్చింది. 1979 జులైలో జపానులో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసింది. 2001లో ఐపాడ్ వచ్చింది. ఇంటి గదిలో వినే పాట బస్సులో, రైలులో, రోడ్డు మీద వినిపించసాగింది. అక్కడే చిక్కు మొదలైంది. చెవి గుమ్మంలో వదులుగా వేలాడే చిన్న బిళ్లలు బయటి రొదను ఆపలేవు. పైగా సందులోనుంచి మంద్రస్వరాలు జారిపోతాయి. రొదను మించడానికి ఒకసారి, పోయిన మంద్రాన్ని రాబట్టడానికి మరొకసారి, వినేవారి వేలు ధ్వనిని పెంచుతూనే పోతుంది.

ఇదే చిక్కు వేదికల మీద మరింత ఘోరంగా ఉండేది. పాటగాడికి తన గొంతు తనకు వినిపించడం కోసం కాళ్ల దగ్గర స్పీకర్లు పెట్టేవారు. డ్రమ్ములవాడు పెంచితే గిటారువాడు పెంచేవాడు. ఇద్దరినీ మించడానికి గాయకుడు పెంచేవాడు. సంతలో ఒకరిని మించి ఒకరు కేకలు వేసినట్లుండేది. మీడ్ కిలియన్ అనే శ్రవణ శాస్త్రవేత్త 1983లో స్థాపించిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ 1980ల చివరలో సంగీతకారుల కోసం ప్రత్యేకమైన చెవి బిరడాలను అందించింది. అవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గించేవి. సంగీతం మసకబారకుండా నెమ్మదించేది. 1991లో అదే సంస్థ చెవి కాలువలో లోతుగా అమరే ఈఆర్-4 ఇయర్‌ఫోన్లను తెచ్చింది. 1995లో వాన్ హేలెన్ బృందపు ధ్వని ఇంజనీరు జెర్రీ హార్వే, ఆ బృందంలోని డ్రమ్ము కళాకారుడు అలెక్స్ వాన్ హేలెన్ కోసం అచ్చు తీసిన తొడుగులో ఇయర్‌ఫోన్లు చేశాడు. అల్టిమేట్ ఇయర్స్ సంస్థ ఆ ప్రయత్నంలోనుంచి పుట్టింది. వేదికల మీదినుంచి ఆ వస్తువు కొన్నేళ్లలోనే మామూలు శ్రోతల జేబులలోనికి దిగింది.

ఆ చరిత్ర చదివినప్పుడు నాకు ఒక రోగి జ్ఞాపకం వస్తాడు. పెళ్లి ఊరేగింపులలో, జాతర్లలో కీబోర్డు వాయించేవాడు. ముప్పై ఏళ్లయినా నిండలేదు. పెద్ద స్పీకర్లకు ఎదురుగా ఏళ్ల తరబడి నిలుచున్నాడు. "రాత్రి పడుకుంటే చెవిలో కీచురాళ్లు అరుస్తున్నాయండీ" అన్నాడు. వినికిడి పరీక్ష చేయిస్తే 4,000 హెర్ట్‌జ్‌ల దగ్గర గీత గోతిలో పడ్డట్లు దిగిపోయింది. అది ధ్వని చేసిన గాయానికి గుర్తు. మన లోపలి చెవిలోని నత్తగుల్ల వంటి కాక్లియాలో పుట్టుకతో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. మనిషిలో అవి చనిపోతే తిరిగి మొలవవు. "మందేమైనా రాయండి డాక్టరుగారూ" అని అతడు అడిగినప్పుడు నా కలం కదలలేదు. అచ్చు తీసిన ఇయర్‌ఫోన్లు అతడికి పదేళ్ల ముందే అందుబాటులో ఉండి, వాటిని సరిగా వాడి ఉంటే, ఆ గోయి అంత లోతుగా ఉండేది కాదేమో.

ఇక నా అనుభవానికి వస్తాను. మొదట శ్రవణ నిపుణురాలు చెవిలోనికి దీపం వేసి చూసి, గుబిలి లేదని నిర్ధారించుకుంది. రెండవ వంపు దాటాక దారం కట్టిన చిన్న దూది ఉండను అడ్డుగా ఉంచింది. తరువాత మెత్తని సిలికాను ముద్దను పిచికారీతో నింపింది. చల్లగా తగిలింది, లోకం దూరమైంది, నా ఊపిరి నాకే వినిపించింది. అయిదు నిమిషాలలో అది గట్టిపడింది. బయటికి తీసి చూపితే, నలభై ఏళ్లుగా ఇతరుల చెవులలో చూసిన వంపులు నా చెవివి కూడా మొదటిసారి కంటికి కనబడ్డాయి. ఆ అచ్చును లేజరుతో కొలిచి, కంప్యూటరులో సరిదిద్ది, త్రీడీ ముద్రణతో తొడుగు చేశారు. కుడి చెవిది ఎరుపు, ఎడమ చెవిది నీలం. ఇది కూడా వినికిడి యంత్రాలనుంచి వచ్చిన ఆచారమే.

మొదటి అభిప్రాయం అంత గొప్పది కాదు. నడిస్తే నా అడుగులు నాకు ఢమఢమ వినిపించాయి. నమిలితే దవడ మోగింది. చెవి మూసుకున్నప్పుడు ఎముక గుండా వచ్చే మన శబ్దం లోపలే చిక్కుకోవడమే దీనికి కారణం. గంట గడిచేసరికి కుడి చెవిలో ఒకచోట నొప్పి పుట్టింది. తిరిగి పంపి ఆ భాగాన్ని అరగదీయించవలసి వచ్చింది. నొప్పిని "అలవాటవుతుందిలే" అని ఓర్చుకోకూడదు. పలుచని చర్మం ఒరుసుకుంటే పుండు పడుతుంది.

సరిచేయించిన తరువాత విజయవాడనుంచి హైదరాబాదుకు బస్సులో వెళ్తూ పరీక్షించాను. ఒక్కో ఇయర్‌ఫోను శక్తి ఒక్కోలా ఉంటుంది గనుక ఫోనులోని గీతలను పోల్చి లాభం లేదు. అందుచేత బస్సు భోజనానికి ఆగి, ఇంజను ఆపినప్పుడు ఒక కచేరీని హాయిగా వినిపించే స్థాయిలో పెట్టుకున్నాను. బస్సు కదిలింది. పాత ఇయర్‌ఫోన్లతో అయితే ఈ క్షణాన నా వేలు తనంతట తాను ధ్వనిని పెంచేది. ఈసారి పెంచవలసిన పని రాలేదు. మృదంగం ఎడమవైపు గుంకారం కూడా నిలిచే ఉంది. ఈ వస్తువు విలువ అంతా ఆ పెంచకపోవడంలోనే ఉంది.

లెక్కగా చెబుతాను. బస్సు రొద 75 డెసిబెళ్లు అనుకుందాం. దానిని మించడానికి పాటను 85కు పెంచాలి. చక్కగా మూసుకున్న తొడుగు రొదను 20 డెసిబెళ్లు తగ్గిస్తే చెవికి చేరేది 55. అప్పుడు 65 దగ్గరే పాట స్పష్టంగా ఉంటుంది. అమెరికా జాతీయ వృత్తి భద్రతా, ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెళ్లకు రోజుకు 8 గంటలే పరిమితి; ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు కాలం సగమవుతుంది. అంటే 88కి 4 గంటలు, 94కు ఒక గంట, 100కు 15 నిమిషాలు. తీరిక వేళల శ్రవణానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మరింత జాగ్రత్తగా, పెద్దలకు 80 డెసిబెళ్ల వద్ద వారానికి 40 గంటలు అంటోంది. అయితే అచ్చు తీసిన ఇయర్‌ఫోన్లు కొని, ధ్వనిని మాత్రం పాత అలవాటు ప్రకారమే పెంచితే, గొడుగు కొని చంకలో పెట్టుకొని తడిసినట్లే. పైగా మూసిన కాలువలో ధ్వని నేరుగా కర్ణభేరిని తాకుతుంది.

మరికొన్ని జాగ్రత్తలు. చెవి కారుతున్నవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవికి శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని చూడకుండా అచ్చు తీయించుకోకూడదు. ఇంట్లో సొంతంగా అచ్చు పోసుకునే సాహసం ఎవరూ చేయవద్దు. అడ్డు ఉండ లేకపోతే ముద్ద కర్ణభేరికి అంటుకుపోతుంది. రోజూ పొడి గుడ్డతో తుడవాలి. ఇతరులకు ఇవ్వకూడదు. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర, బండి నడిపేటప్పుడు రెండు చెవులకూ పెట్టుకోవడం ప్రాణాంతకం. బయటి లోకాన్ని ఇంత బాగా మూసే వస్తువు హారన్‌ను కూడా మూస్తుంది.

చివరగా ఒక మాట. హైదరాబాదులో దిగిన సాయంత్రం ఆ కచేరీనే మా మనుమరాలికి వినిపించాను. నా ఇయర్‌ఫోన్లు దాని చెవికి పట్టవు గనుక తన మామూలు ఇయర్‌ఫోన్లతోనే వింది. "తాతయ్యా, కంజీర గజ్జెలు ఎంత సన్నగా మోగుతున్నాయో!" అంది. నేను మళ్లీ పెట్టుకొని శ్రద్ధగా విన్నాను. నా చెవుల కొలతకే పోతపోసిన ఆ ఇయర్‌ఫోన్లలో గజ్జెలు నాకు వినిపించలేదు. వయసుతో పోయిన పై స్వరాలను ఏ తొడుగూ తెచ్చి ఇవ్వలేదు. ఆ పిల్ల చెవిలో ఉన్నది ఖరీదైన పరికరం కాదు, ఇంకా చెక్కుచెదరని రోమకణాలు. ఫోనులో ధ్వనికి పరిమితి ఎలా పెట్టాలో ఆ రాత్రే దానికి నేర్పాను. మీ ఇంట్లో పిల్లలుంటే ఈ పని మీరూ ఈ రోజే చేయండి.