సింకు కుళాయి మార్పిడి

వంటింటి సింకు మీది పాత కుళాయిని విప్పి కొత్తది బిగించే పని. గోడ కుళాయి మరలు సాధారణంగా అర అంగుళానివే (15 మి.మీ.).

ముందు యాంగిల్ కాక్, అది లేకుంటే మేడ మీది ట్యాంకు వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన నీళ్లు వదిలేయాలి. తుప్పు పట్టిన ఇనుప పైపైతే దాన్ని ఒక రెంచితో కదలకుండా పట్టుకుని, మరో రెంచితో కుళాయిని ఎడమవైపు తిప్పాలి. లేదంటే గోడలోని జాయింటు వదులై, చిన్న పని కాస్తా గోడ పగలగొట్టే దాకా వస్తుంది. కొత్త కుళాయి మరలకు టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. ప్లాస్టిక్ ఫిట్టింగుల దగ్గర బలం చూపితే పగుళ్లే. చుక్కలు కారడమొక్కటే సమస్యైతే కుళాయి మార్చనక్కర్లేదు, వాషరు చాలు. పావు తిప్పు కుళాయికైతే లోపలి సిరామిక్ కార్ట్రిడ్జి మార్చాలి.