షెడ్డులో పాత జీపు: తుప్పు కింద దాగిన చరిత్ర

ఆస్ట్రేలియాలో పల్లెల వైపు వెళ్ళినప్పుడు మీరు చూసే ఉంటారు. ఇంటి వెనక షెడ్డులో, టార్పాలిన్ కింద, ఓ పాత లాండ్‌రోవరో, టొయోటా లాండ్‌క్రూజరో పడి ఉంటుంది. శని ఆదివారాలు వస్తే ఆ ఇంటాయన స్పానర్లు పట్టుకుని దాని కిందికి దూరతాడు. అలాంటి బండిని కొని సొంతంగా బాగుచేసుకోవాలన్న సరదా మీలోనూ కొందరికి ఉండే ఉంటుంది. వాళ్ళ కోసమే ఈనాటి ముచ్చట. చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత రంగు గీకే ముందు ఆ బండి చరిత్ర తెలుసుకోండి. ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో అప్పుడే తెలుస్తుంది.

మన ఊళ్ళలో నాలుగు చక్రాలూ తిరిగే బండి ఏదైనా సరే, దాని పేరు జీపే. తాసీల్దారు జీపు, బ్లాకు ఆఫీసు జీపు, ఎన్నికల జీపు వెంట పిల్లలం పరిగెత్తిన తరం మనది. ఆ పేరు అమెరికా సైన్యపు బండిది. 1941 నుంచి యుద్ధం ముగిసేదాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి అలాంటివి 6 లక్షలకు పైగా తయారుచేశాయి. స్వతంత్రం వచ్చిన 1947 లోనే మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. అదే ఏడు ఇంగ్లండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్, యుద్ధంలో మిగిలిన ఓ జీపును తన పొలంలో వాడుతూ, ఇది పాడైతే దీని బదులు ఏం కొనాలని ఆలోచనలో పడ్డాడట. ఆ ఆలోచనలోంచి పుట్టిందే లాండ్‌రోవర్. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో దాన్ని లోకానికి చూపించారు.

అప్పట్లో ఇంగ్లండులో ఉక్కుకు కరువు. రేషను మీద ఇచ్చేవారు. అందుకని బండి పైభాగం చాలావరకు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. కింద బరువు మోసే ఛాసిస్ మాత్రం ఉక్కు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. డెబ్భై ఏళ్ళ తర్వాత మీ షెడ్డులో మీరు పడే పాట్లలో సగం దీనివల్లే.

ఇక ఆస్ట్రేలియా కథ. 1949 అక్టోబరు 17న స్నోయీ పర్వతాల్లో ఓ మహా నిర్మాణం మొదలైంది. కొండల్లో 145 కిలోమీటర్ల సొరంగాలు, 16 పెద్ద ఆనకట్టలు, 7 విద్యుత్ కేంద్రాలు. 1974 లో పూర్తయ్యేసరికి 30 కి పైగా దేశాల నుంచి వచ్చినవాళ్ళతో కలిపి లక్షమందికి పైగా అందులో పనిచేశారు. 121 మంది ప్రాణాలు పోయాయి. దారీ తెన్నూ లేని ఆ మంచుకొండల్లో సర్వేయర్లనూ సామానునూ మోసినవి లాండ్‌రోవర్లు. 1950ల చివర్లో లెస్లీ థీస్ అనే కాంట్రాక్టరు ఈ పని కోసమే జపాను నుంచి లాండ్‌క్రూజర్లు తెప్పించాడు. జపానుతో యుద్ధం ముగిసి పదిహేనేళ్ళు కూడా కాలేదు. జపాను సరుకంటే జనం మొహం చిట్లించే రోజులవి. ఇవాళ ఆస్ట్రేలియా రోడ్ల నిండా కనిపించే టొయోటాలకు అక్కడ నాంది పడింది.

అన్నట్టు, స్నోయీ సంస్థ తన బండ్లకు సీటు బెల్టులు పెట్టించి, కట్టుకుని తీరాలని నియమం పెట్టింది. తర్వాత 1970 లో విక్టోరియా రాష్ట్రం అందరికీ చట్టం చేసింది. ప్రపంచంలో అలాంటి చట్టం అదే మొదటిది.

మనవాళ్ళకు ఇక్కడ ఓ పోలిక తోస్తుంది. అవే రోజుల్లో, 1955 డిసెంబరు 10న, నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అక్కడా ఇక్కడా ఆనకట్టలు లేస్తున్నాయి. కానీ యూరపు నుంచి వేలమందిని పిలిచిన ఈ దేశం, మన దేశపు కూలీకి తలుపు తెరవలేదు. తెల్లవాళ్ళ ఆస్ట్రేలియా విధానం 1966 లో సడలి, 1973 లో పూర్తిగా పోయింది. మనం ఇక్కడ ఉన్నామంటే ఆ తలుపు తెరుచుకున్నాకే.

ఈ బండ్ల చరిత్రలో చీకటి కోణమూ ఉంది. లెన్ బీడెల్ అనే సర్వేయరు 1955 నుంచి 1958 దాకా ఎడారి మధ్యలో గన్‌బ్యారల్ హైవే వేయించాడు. తన లాండ్‌రోవర్‌లో ముందు వెళ్ళి దారి వెతికేవాడు, వెనక బుల్డోజరు వచ్చేది. కూడళ్ళ దగ్గర అల్యూమినియం రేకుల మీద అక్షరాలు కొట్టి గుర్తులు పెట్టేవాడు. ఆయన నేర్పును మెచ్చుకోవలసిందే. అయితే ఆ దారులు వేసింది వూమెరా రాకెట్ల కోసం, ఆయుధ పరీక్షల కోసం. 1953 లో ఈము మైదానంలో, 1956, 57 ల్లో మారలింగలో బ్రిటిషువాళ్ళు అణుబాంబులు పేల్చారు. తరతరాలుగా ఆ నేలమీద బతికిన ఆదివాసులు చోటు వదలాల్సి వచ్చింది. 1980ల్లో రాయల్ కమిషన్ విచారణ జరిగితేగాని ఆ సంగతులు పూర్తిగా బయటికి రాలేదు. పాత బండిని ముద్దుచేసేటప్పుడు ఇది కూడా తెలిసి ఉండాలి.

సరే, ఇప్పుడు షెడ్డులోకి వద్దాం. బండి చూడగానే రంగు చూడకండి, కిందికి దూరండి. ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. బోలుగా ఉండే ఆ ఉక్కు పెట్టెలు లోపల్నుంచి తుప్పు పడతాయి. పైకి బాగానే కనిపిస్తుంది. చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ పోండి. ఖంగుమంటే మంచిది. చప్పగా మోగితే లోపల తినేసిందన్నమాట. వెనక అడ్డదూలం, స్ప్రింగులు పట్టే చోట్లు, డ్రైవరు పాదాలుండే చోటు ముందు పోతాయి. అల్యూమినియానికి తుప్పు పట్టదని నిశ్చింతగా ఉండకండి. ఉక్కు బోల్టు, అల్యూమినియం రేకు తగిలిన చోట నీళ్ళు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. మళ్ళీ బిగించేటప్పుడు ఆ రెంటి మధ్యా నైలాన్ వాషరో, సీలెంటో ఉండాలి.

రంగు గీకాలనుకుంటే ముందు ఓ మూల, కనబడని చోట, నీళ్ళు పోస్తూ సన్నగా అరగదీయండి. పొరలు పొరలుగా రంగులు బయటపడతాయి. అడుగున సైన్యపు పచ్చ కనిపించవచ్చు, పొలంలో ఎవరో కుంచెతో పూసిన రంగు కనిపించవచ్చు. బాడీకి అక్కరలేని చిల్లులుంటే, అక్కడేదో పనిముట్టు బిగించి ఉంటారు. రంపాన్నీ నీళ్ళ పంపునూ కూడా ఈ బండి ఇంజనుతో తిప్పుకునే ఏర్పాటు ఉండేది. ఛాసిస్ నంబరు దొరికితే, ఇంగ్లండులో గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ళు రుసుము తీసుకుని, ఆ లాండ్‌రోవర్ ఎప్పుడు తయారైందో, ఎక్కడికి పంపారో రికార్డులు చూసి చెబుతారు.

అన్నీ కొత్తవి వేసి అద్దంలా మెరిపిస్తే బండి అందంగా ఉంటుంది, కాదనను. కానీ అప్పటికి అది ఎవరి బండో చెప్పే గుర్తు ఒక్కటీ మిగలదు. అలాగని తుప్పును పూజించమనీ అనడం లేదు. నా లెక్క ఇది. ప్రాణానికి సంబంధించినవి, అంటే బ్రేకులు, స్టీరింగు, ఛాసిస్, వైరింగు, పెట్రోలు గొట్టాలు, వీటి దగ్గర పాతదనం మీద మమకారం వద్దు. సొట్టలు, చిల్లులు, అరిగిన తలుపు పిడి, ఎవరో రైతు వేసిన మాటు, వీటిని ఉండనివ్వండి. విజయవాడ ఆటోనగర్‌లో పని చూసినవాళ్ళకు మాటు విలువ చెప్పక్కరలేదు. చేతిలో ఉన్న ఇనుముతో బండిని మళ్ళీ రోడ్డెక్కించిన వాడి తెలివి అందులో ఉంటుంది.

పిల్లల్ని పక్కన పెట్టుకుని చేసే పని కాబట్టి ఓ హెచ్చరిక. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబరు 31నే. డ్రమ్ము విప్పి గాలి కొట్టకండి, పొడి బ్రష్షుతో దులపకండి. ఆ పనీ, సీసం కలిసిన పాత రంగు గీకే పనీ తెలిసినవాళ్ళకు అప్పగించడం మేలు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. స్టాండ్లు పెట్టాల్సిందే. విప్పే ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, బోల్టులు డబ్బాల్లో వేసి పేర్లు రాసే పని పిల్లలకివ్వండి. వాళ్ళు భలే చేస్తారు.

రోడ్డెక్కించడానికి రాష్ట్రాల వారీగా వెసులుబాట్లున్నాయి. విక్టోరియాలో 25 ఏళ్ళు దాటిన బండికి క్లబ్బు పర్మిట్టు మీద ఏడాదికి 45 లేదా 90 రోజులు నడుపుకోవచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో 30 ఏళ్ళు దాటాలి. క్లబ్బులో చేరితే ఇంకో లాభం, చేయి తిరిగిన పెద్దవాళ్ళ పరిచయం. ఫలానా బోల్టు ఎందుకు రాదో పుస్తకంలో దొరకదు, వాళ్ళ దగ్గర దొరుకుతుంది. వాళ్ళ తరం దాటిపోతే ఆ విద్యా పోతుంది. అడగవలసినవి ఇప్పుడే అడగండి, విన్నది రాసిపెట్టండి. బండికి పూర్వం ఎవరు యజమానో తెలిస్తే ఆ పేరు కూడా అందులోనే రాయండి. ఆ నోటుపుస్తకం బండిలోనే ఉంచితే తర్వాత కొన్నవాడు మీకు దణ్ణం పెడతాడు.