రాజుగారు, రెండు క్రియలు

ఆంగ్లభాషలో 'బీ' అనే చిన్న క్రియ ఒకటున్నది. బడిలో చేరిన పిల్లల చేత మొదటి నెలలోనే దాని రూపాలు వల్లె వేయిస్తారు. అందుచేతనే కాబోలు, ఆ తరువాత దాని లోతెంతో ఎవరూ తొంగిచూడరు. పోర్చుగల్ దేశపు రాజొకాయనకు మాత్రం 1877 నాటికి అది తప్పలేదు.

ఆయన మొదటి లుయీస్. 1861లో అన్నగారైన అయిదవ పేద్రో మరణించగా సింహాసనమెక్కి, 1889లో తాను కన్నుమూసేదాకా ఏలినవాడు. యువరాజుగా ఓడలు నడిపినవాడు, పలు భాషలు నేర్చినవాడు. షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకాన్ని ఆయన స్వయంగా పోర్చుగీసులోనికి తెచ్చాడు. అది 1877లో అచ్చయింది. అంతకు పూర్వం ఐరోపాలో చాలాచోట్లకు షేక్‌స్పియర్ తన వేషంతో రాలేదు, ఫ్రెంచి వేషంతో వచ్చాడు. 1769లో పారిస్ రంగస్థలమెక్కిన ఫ్రెంచి హామ్లెట్‌ను సిద్ధపరచిన దూసీగారికి ఇంగ్లీషు రాదు! ఆ కథ మరొకసారి.

బ్రతుకా చావా అని రాకుమారుడు తనలో తాను తర్కించుకొనే స్వగతం జగత్ప్రసిద్ధం. అది మొదలయ్యేదే 'బీ' క్రియతో. చిక్కేమంటే, పోర్చుగీసులో దానికి దీటైన క్రియ ఒకటి కాదు, రెండు: 'సేర్', 'ఎస్తార్'. ఒక స్త్రీ అందగత్తె అనాలంటే సేర్. ఈ పూట అందంగా ఉంది అనాలంటే ఎస్తార్. ఒకడు రోగిష్టి అయితే సేర్. ఇవాళ ఒంట్లో బాగులేకుంటే ఎస్తార్. శాశ్వతమైనదానికి మొదటిది, తాత్కాలికమైనదానికి రెండవది అని వ్యాకరణాలు సులువుగా చెప్పేస్తాయి గాని, ఆ సూత్రం నిలవదు. చనిపోయి ఉన్నాడనడానికి వాళ్లు వాడేది ఎస్తార్! చావుకన్న శాశ్వతమేమున్నది? స్వభావానికి సేర్, స్థితికి ఎస్తార్ అనుకోవడం కొంత మేలు.

'స్థితి' అన్న మాట ఊరికే వాడలేదు. ఎస్తార్ పుట్టినది నిలుచుట అనే అర్థంగల లాటిను ధాతువు నుండి. అది మన 'స్థా' ధాతువుకు తోబుట్టువు. సేర్ రూపాలలో కొన్ని మన 'అస్' ధాతువుకు జ్ఞాతులు. 'సేర్' అన్న రూపం మాత్రం కూర్చుండుట అనే క్రియ నుండి వచ్చింది, అది మన 'సద్' ధాతువు. సదస్సులో ఉన్నది అదే. అంటే పోర్చుగీసువారి ఉనికిలో ఒకటి కూర్చున్నది, ఒకటి నిలుచున్నది. ఇంగ్లీషు క్రియ మాత్రం ఏకశిల అనుకోరాదు. 'ఈజ్'లో మన 'అస్' ఉన్నది, 'బీ'లో 'భూ' ఉన్నది, 'వజ్'లో నివసించుట అనే 'వస్' ఉన్నది. మూడు ధాతువులు కలిసి ఒకే కాపురం చేస్తున్నాయి. పోర్చుగీసులో ఆ కాపురం వేరుపడింది. అందుచేత అనువాదకుడు ఏదో ఒక వాకిట నిలబడక తప్పదు.

రాజుగారు సేర్ వాకిట నిలబడ్డారు. అది సరైన ఎంపికే. ఎస్తార్‌ను ఒంటరిగా వాడితే 'ఎక్కడ? ఎలా?' అని వాక్యం ఎదురు ప్రశ్న వేస్తుంది. అయినా పోయినది కొంత ఉన్నది. నాటకంలో మొట్టమొదటి మాట చీకటిలో కావలివాడు అడిగే ప్రశ్న: అక్కడ ఉన్నదెవరని. ఇంగ్లీషులో ఆ ప్రశ్నలోనూ ఈ క్రియే. చచ్చిన రాజు అక్కడ ఉన్నాడా, ఆయన నిజంగా ఉన్నాడా, నేను ఉండనా? అన్నిటికీ ఒకే చిన్నమాట తీగలాగా సాగుతుంది. పోర్చుగీసులో 'అక్కడ ఉన్నదెవరు' అనాలంటే ఎస్తార్ కావాలి, స్వగతానికి సేర్ కావాలి. తీగ నడుమ తెగిపోతుంది. కోట బురుజు మీది భయం ఒక క్రియలో, రాకుమారుని తత్త్వచింత మరొక క్రియలో మిగిలిపోయాయి.

రెండేళ్లకే, 1879లో, బుల్యావ్ పాతో అనే కవి మరొక హామ్లెట్ అనువాదం వెలువరించాడు. పాపం, ఆయన పేరు ఈనాడు లిస్బన్ భోజనశాలల్లో వెల్లుల్లి, కొత్తిమీర వేసి వండే ఆల్చిప్పల వంటకానికి నిలిచినంతగా కవిత్వానికి నిలవలేదు. బ్రెజిల్‌లో మషాదో ద అసీస్ ఆ స్వగతాన్ని పద్యంగా మలచి, 1901 నాటి తన కవితా సంపుటంలో చేర్చాడు. లోపల సేర్ వాడినా, శీర్షికను మాత్రం ఇంగ్లీషులోనే వదిలివేశాడు. నాకిది గడుసుతనంగా కంటె నిజాయితీగా తోస్తుంది. 1928లో ఓస్వాల్ద్ ద అంద్రాద్ మరొక అడుగు వేశాడు. తన ప్రసిద్ధమైన నరభక్షక ప్రణాళికలో ఆ వాక్యాన్ని అనువదించనే లేదు. క్రియను తీసివేసి, ఆ ధ్వనికే దగ్గరగా ఉన్న 'తుపీ' అనే బ్రెజిల్ ఆదివాసి జాతి పేరును అక్కడ కూర్చోబెట్టాడు. మనం ఉండాలా వద్దా అన్నది పోయి, మనం ఎవరం అన్నది వచ్చింది. రాజుగారి అనువాదానికీ దీనికీ మధ్య గడచినది యాభై ఒక్క సంవత్సరాలు.

అన్నట్లు, ఈ విషయంలో మన తెలుగు పోర్చుగీసుకంటె అదృష్టవంతురాలు. 'ఆమె అందగత్తె' అనడానికి మనకు క్రియే అక్కరలేదు. కాని ఇంట్లో ఉండడానికీ, లోకంలో ఉండడానికీ మనకున్నది ఒకే ఉండు ధాతువు, ఒకే 'లేరు'. కావలివాని ప్రశ్నా, రాకుమారుని ప్రశ్నా తెలుగులో తెగకుండా నిలుస్తాయి. దీని ప్రమాదం కూడా నాకు తెలుసు. ఆమధ్య చాలా ఏళ్ల తరువాత నన్ను వెతుక్కుంటూ పాత విద్యార్థి ఒకడు వచ్చి గుమ్మంలో నిలబడి, "మాష్టారున్నారా?" అని అడిగాడట. మా మనవడు ఆటలోంచి తలెత్తకుండానే "తాతగారు లేరండీ" అన్నాడు. ఆ అబ్బాయి చెప్పులు విడిచి, కళ్లు తుడుచుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు. నేను కూరల సంచితో వీధి మలుపు తిరిగేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు.