కొన్ని పళ్ళు లేకపోయినా క్లియర్ అలైనర్లు వేయించుకోవచ్చా?

పిప్పి పన్ను పీకించుకుని ఆ సందును అలాగే వదిలేసినవారు అడవిపొలం, యానాం ఇళ్ళలో చాలామందే ఉన్నారు. వంకర పళ్ళను క్లిప్పులు లేకుండా, కనిపించని అలైనర్లతో సరిచేయించుకోవచ్చా అని వారిలో కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. చాలామందికి వీలవుతుంది. అయితే ఖాళీని ఏం చేయాలో మొదటి రోజే తేల్చుకోవాలి. అందుకే తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

అలైనరు అంటే

పళ్ళ వరుసకు సరిగ్గా అమరే పల్చని పారదర్శక ప్లాస్టిక్ తొడుగు. 1997లో అమెరికాలో మొదలైన అలైన్ టెక్నాలజీ కంపెనీ 'ఇన్విజలైన్' పేరుతో వీటిని ప్రచారంలోకి తెచ్చింది. ఒక్కో తొడుగు పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది. వారానికో, రెండు వారాలకో కొత్తది మార్చాలి. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. తినేటప్పుడు, టీ, కాఫీ తాగేటప్పుడు తీసేయాలి. వేడికి ప్లాస్టిక్ వంగిపోతుంది.

ఖాళీని వదిలేస్తే

పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదుటి దవడ పన్ను ఆ ఖాళీవైపు పొడుచుకొస్తుంది. అక్కడి ఎముక క్రమంగా తరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పని కష్టమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

రెండు దారులు

మొదటిది, పక్క పళ్ళను జరిపి ఖాళీని మూసేయడం. ఖాళీ చిన్నదై, ఎముక బాగుంటే ఇది కుదురుతుంది. రెండోది, ఒరిగిన పళ్ళను నిలబెట్టి, సరిపడా చోటు చేసి, తర్వాత అక్కడ ఇంప్లాంటో బ్రిడ్జో పెట్టించుకోవడం. ముందు పన్ను లేనివారికి తొడుగులో ఆ చోట పంటి రంగు పదార్థం నింపుతారు. చికిత్స జరిగినన్నాళ్ళూ ఖాళీ బయటకు కనిపించదు.

వరుస తప్పకూడదు

ఇంప్లాంటు ఎముకకు అతుక్కుపోతుంది, ఇక జరగదు. కాబట్టి సాధారణంగా ముందు పళ్ళు సర్దించుకుని, తర్వాతే ఇంప్లాంటు వేయించుకోవాలి. ఇప్పటికే ఉంటే దాన్ని కదపకుండా మిగతావాటిని సర్దుతారు. బ్రిడ్జి పళ్ళు ఒకదానికొకటి కలిసి ఉంటాయి కనుక విడివిడిగా జరగవు. ఒక్కోసారి బ్రిడ్జిని కోయాల్సి వస్తుంది. పళ్ళు ఎక్కువగా పోయినవారికి తొడుగుకు పట్టు చాలదు. అప్పుడు ఎముకలో చిన్న స్క్రూలు వేయడమో, క్లిప్పులు వాడడమో చేస్తారు.

వయసు అడ్డు కాదు. చిగుళ్ళ జబ్బు మాత్రం అడ్డే. చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా, పళ్ళు కదులుతున్నా ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. షుగరు ఉన్నా, ఎముకలు గుల్లబారకుండా మందులు, ఇంజెక్షన్లు వాడుతున్నా డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎక్కడ చూపించుకోవాలి

మన ప్రాంత ప్రభుత్వ దంత కళాశాల, మహాత్మా గాంధీ పోస్ట్ గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ సైన్సెస్, పుదుచ్చేరిలో ఉంది. అది మనకు 800 కిలోమీటర్ల పైమాటే. మాటిమాటికీ వెళ్ళాల్సిన వైద్యానికి అమలాపురం కిమ్స్, రాజమహేంద్రవరం దగ్గరి జి.ఎస్.ఎల్. దంత కళాశాలలు దగ్గర. ఎవరి దగ్గరకు వెళ్ళినా ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేశారా, డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యారా అని చూడండి.

ఎక్స్‌రే తీయకుండా, నోరు చూడకుండా ఇంటికే తొడుగులు పంపుతామనే ప్రకటనలను నమ్మకండి. అమెరికాలో అలా పోస్టులో పంపిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. వైద్యం మధ్యలో ఉన్నవారు ఇబ్బంది పడ్డారు.

డబ్బు కట్టే ముందు ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి:

1. ఖాళీని మూస్తారా, ఉంచుతారా?
2. తర్వాత పన్ను కట్టే ఖర్చు ఈ మొత్తంలో కలిసిందా?
3. పళ్ళు అనుకున్నట్టు జరగకపోతే అదనపు తొడుగులకు ఎంత?
4. రిటైనర్ల ఖర్చు ఎవరిది?

చికిత్స అయ్యాక రిటైనరు పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత చోటికే వస్తాయి. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు పెట్టుకునే ఓపిక ఉందనుకుంటేనే మొదలుపెట్టండి.